పక్షవాత రోగి యింటికి వచ్చిన పిదప

చెన్నూరు చెంత గోదావరి ఉత్తర దిశకు మరలి ప్రవహించును. ఆ కారణముననే ఈ యూరు ఉత్తరవాహినీ తీర్థమని పేరు గాంచినది. అగస్త్యేశ్వరుని దర్శనమునకు చుట్టుప్రక్కల గ్రామములనుండి జనులు వచ్చుచుందురు. అయితే ఇప్పుడు మనము చెప్పుకొనబోవునది తీర్థమును గూర్చి కాదు. ఆ నది యొడ్డున ఏదో యొక వీథిలో, ఏదో యొక యింట మంచము పట్టిన మనిషిని గూర్చి. అంతకన్న ముఖ్యముగా, ఆ మంచము ప్రక్కన రాత్రి యెల్ల మేల్కొని కూర్చున్న మరియొక మనిషిని గూర్చి.

ఒక కుటుంబమును ఊహించుకొందము. ఇంటి పెద్దకు ఏబదియైదు సంవత్సరములు. కొంత వరి, కొంత పత్తి సాగు కలదు. ఒకనాటి ఉదయమున పండ్లు తోముకొనుచుండగా చేతిలోని వేపపుల్ల జారిపడినది. వంగి తీయబోయిన కుడిచేయి కదలలేదు. కేక వేయబోగా నోరు ఒక ప్రక్కకు వంకర తిరిగి, మాట ముద్దయైనది. పెద్ద కుమారుడు తండ్రిని వాహనములో వేసికొని సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న మంచిర్యాలకు, అచ్చటనుండి హైదరాబాదునకు కొనిపోయెను. పది దినములు చికిత్స జరిగెను. ప్రాణము దక్కినది. ఇంటికి పంపునప్పుడు వైద్యులు, నర్సులు కుమారుని పిలిచి జాగ్రత్తలన్నియు చెప్పిరి. అతడు తలయూపి, మందుల చీటీని జేబులో పెట్టుకొనెను.

నాలుగు దినములు గడచినవి. కుమారుడు కొలువునకు తిరిగి పోయెను. ఇంట మిగిలినవారు ఇద్దరు: బీడీలు చుట్టి నాలుగు రూకలు సంపాదించు భార్య, చంటిబిడ్డ తల్లియైన కోడలు. వారిలో ఒక్కరును ఆసుపత్రి గడప త్రొక్కలేదు. రోగికి అన్నము పెట్టువారు వారే, ప్రక్క మార్చువారు వారే, మందు వేయువారు వారే. ఆసుపత్రిలో విన్నది ఒకరు, ఇంట చేయవలసినది వేరొకరు! పక్షవాతము వచ్చిన మనిషి యింటికి చేరిన పిదప కలుగు కష్టములలో పెక్కింటికి మూలము ఇచ్చటనే యున్నది. ఈ యెడమును ఎట్లు పూడ్చవలెనో చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా ఈ వ్యాధి యేమో తెలిసికొందము. ప్రాచీన వైద్య గ్రంథములు దీనిని పక్షాఘాతమని, పక్షవధమని పేర్కొని వాతరోగములలో చేర్చినవి. మన ప్రాంతమున వృద్ధులు దీనిని లకువ యనియు అందురు. పేరులో వాతమున్నను, చెడినది చేయి కాదు, కాలు కాదు, మెదడు. మెదడునకు రక్తమును గొనిపోవు నాళములో గడ్డ అడ్డుపడినను, లేక ఆ నాళము చిట్లి రక్తము లోపల చిమ్మినను, ఆ భాగమునకు ఆహారము అందదు. అది పని మానును. కుడివైపు మెదడు ఎడమ శరీరమును, ఎడమవైపు మెదడు కుడి శరీరమును నడపును గనుక దెబ్బ ఒక వైపునైన, పక్షవాతము రెండవ వైపున కనబడును. చాలమందికి మాటను నడపు కేంద్రములు ఎడమ మెదడులో నుండుటచేత, కుడి చేయి పడిపోయినవారికి తరచుగా మాటయు తప్పును. ఈ సంగతి తెలిసిన యింటివారు చేతికి ఎన్ని తైలములు మర్దించినను మెదడులోని గడ్డ కరగదని సులభముగా గ్రహింతురు.

వ్యాధి వచ్చిన క్షణమున చేయవలసిన పనిని గూర్చి రెండు మాటలు చాలును. నవ్వుమనిన మూతి వంకరపోయినదా? రెండు చేతులు చాపుమనిన ఒకటి వాలిపోయినదా? మాట తడబడినదా? ఈ మూడింటిలో ఏ యొక్కటి అకస్మాత్తుగా కనబడినను 108కి ఫోను చేయవలెను. ఈ వాహనముల సేవ మన రాష్ట్రములో 2005 ఆగస్టు 15 నాడు ప్రారంభమైనది. గడ్డ అడ్డుపడిన రకము పక్షవాతమునకు ఆ గడ్డను కరిగించు మందు కలదు. అది లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. అంతకు ముందు మెదడునకు స్కాను తీసి, రక్తస్రావము లేదని నిర్ధారించుకొనవలెను. కావున ఆ సమయమున నోటిలో నీరుగాని, మాత్రగాని వేయరాదు. పావురపు రక్తము పూయుట, వాతలు పెట్టుట, ఆకుపసరుకై మరియొక యూరికి పరుగెత్తుట మున్నగునవి రోగికి మేలు చేయవు సరికదా, తిరిగి రాని గంటలను హరించును. మొదట లక్షణములు కనబడిన గడియ యేదో గడియారము చూచి గుర్తుంచుకొనుట, ఆ వేళ ఇంటివారు చేయగలిగిన గొప్ప ఉపకారము.

ఇక ఇంటికి వచ్చిన తరువాతి సంగతి. మొదటి ప్రమాదము అన్నము గిన్నెలోనే యుండును. పక్షవాతము వచ్చిన తొలి దినములలో రోగులలో దాదాపు సగము మందికి మింగుట కష్టమగును. గొంతు కండరములు సరిగా మూసికొనక, నీరో అన్నమో ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలుగజేయును. మన యిండ్లలో ప్రేమతో చేయు పని యేది? రోగి పరుండియుండగనే తల కొంచెమెత్తి చెంబుతో నీళ్లు నోట పోయుట. అది మిక్కిలి అపాయకరము. రోగిని నిటారుగా కూర్చుండబెట్టి, గడ్డము కొంచెము క్రిందికి వంచి, చిన్న చెంచాతో కొలదికొలదిగా పెట్టవలెను. ఒక ముద్ద మింగిన పిదపనే రెండవది. పలుచని నీటికన్న చిక్కని జావ, మెత్తగా మెదిపిన అన్నము, పలుకులు లేకుండ నుడికిన గటక సులభముగా దిగునేమో వైద్యునో నర్సునో అడిగి తెలిసికొనవలెను. తినునప్పుడు దగ్గు వచ్చినను, గొంతు తడిగా గురగురలాడినను వెంటనే ఆపవలెను. పడిపోయిన వైపు బుగ్గలో అన్నము నిలిచిపోవును. భోజనమైన పిమ్మట వ్రేలికి తడిగుడ్డ చుట్టి దానిని తీసివేయవలెను. తిన్న తరువాత అరగంట సేపు పరుండబెట్టరాదు.

రెండవ ప్రమాదము మంచము. నులక మంచము మన యింట సుఖమునకు గుర్తు. కాని నడుమ క్రుంగిన మంచముపై కదలలేని మనిషి గోతిలో పడినట్లుండును. తానుగా ప్రక్కకు ఒరగలేడు, లేవలేడు. మంచముపై బల్లలు పరచి, దానిపై గట్టి పరుపో, దళసరి బొంతయో వేయుట మేలు. ఒకే వైపున ఎక్కువ సేపు పరుండిన యెడల తుంటి, నడుము క్రింది ఎముక, మడమలు నొక్కుకొని, రక్తము ప్రసరింపక పుండ్లు పుట్టును. ఒకసారి లోతైన పుండు పడిన, మానుటకు నెలలు పట్టును. అందుచేత రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. దినమునకొకసారి వీపును, తుంటిని, మడమలను వెలుతురులో చూడవలెను. ఎఱ్ఱబారిన చోటును రుద్దరాదు. దానిపై భారము పడకుండ చేయవలెను. దుప్పటి ముడుతలు లేక, తడి లేక యుండవలెను.

మూడవది భుజము. పడిపోయిన చేతిని పట్టి లాగి కూర్చుండబెట్టుట, చంకల క్రింద చేతులు వేసి లేపుట అన్ని యిండ్లయందును చూచుచున్నాము. కండరముల పట్టు తప్పిన భుజమునకు కీలును నిలుపు బలముండదు. లాగినపుడు అది సడలును. ఆ నొప్పి మాసముల తరబడి నిలుచును. నొప్పికి భయపడి రోగి వ్యాయామమునే మానును. కావున ఆ చేతిని ఎన్నడును లాగరాదు. కూర్చున్నప్పుడు దిండుపై ఆనించి యుంచవలెను. పరుండినప్పుడు క్రిందికి వ్రేలాడనీయరాదు. చొక్కా తొడుగునప్పుడు పడిపోయిన చేతికి ముందు, బాగున్న చేతికి తరువాత. విప్పునప్పుడు బాగున్న చేతికి ముందు, పడిపోయిన దానికి తరువాత. ఈ చిన్న సూత్రము తెలిసిన, ప్రతి ఉదయము జరుగు పెనుగులాట తప్పును.

నాలుగవది మంచమునుండి కుర్చీకి మార్చుట. ఇచ్చట గాయపడునది తరచుగా రోగి కాదు, మార్చువారు. కుర్చీని రోగికి బాగున్న వైపున, మంచమునకు దగ్గరగా నుంచవలెను. రోగి పాదములు రెండును నేలకు ఆనవలెను. అతని నడుమునకు గట్టి కండువాను చుట్టి, దానిని పట్టుకొనవలెను. అతని చేతులను మన మెడకు చుట్టనీయరాదు. మన మోకాళ్లు వంచవలెను, వీపు వంచరాదు. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కించి, రోగి తన బలమును కొంత చేర్చునట్లు కలిసి లేవవలెను. ఇదంతయు చదివినంత మాత్రమున రాదు. ఈత పుస్తకము చదివి గోదావరిలో దిగువాడు ఎవడు? ఒకరు చూపగా, మనము చేయగా, వారు దిద్దగా మాత్రమే వచ్చును.

ఐదవది మాట. మాట పోయిన మనిషికి తెలివి పోలేదు. ఇది ఇంటిల్లిపాదికి, ముఖ్యముగా చూడవచ్చిన చుట్టములకు చెప్పవలసిన సంగతి. అతని ముందరనే “ఇగ ఏం బతుకు, ఇంతకన్న పోయినా మంచిగుండు” అని అనువారున్నారు. అతడు వినుచున్నాడు. అర్థము చేసికొనుచున్నాడు. బదులు చెప్పలేకున్నాడు. అట్టివారితో నెదురుగా కూర్చుండి, రేడియో, టెలివిజను సద్దు తగ్గించి, చిన్న చిన్న మాటలతో అడుగవలెను. “బాపూ, ఆకలైతున్నదా?” అని ఒక ప్రశ్న. తలయూపువరకు, లేక చేయి కదల్చువరకు ఆగవలెను. అతని బదులు మనమే మాట పూర్తి చేయుటకు తొందరపడరాదు. కొందరు కారణము లేకయే యేడ్తురు. కొందరు సందర్భము కాని వేళ నవ్వుదురు. అదియు మెదడు దెబ్బ ఫలమే గాని పిచ్చి కాదు, కపటము కాదు. కుడివైపు మెదడు దెబ్బతినిన వారిలో కొందరు తమ ఎడమ ప్రక్కనున్న లోకమునే మరచుదురు. కంచములో ఎడమ సగము అన్నము అట్లే మిగిలిపోవును. “తినుమంటే తినడు” అని కసరుటకు మారుగా కంచమును త్రిప్పిన చాలును.

ఆరవది మందు. పక్షవాతము ఒకసారి వచ్చినవారికి మరల వచ్చు అవకాశము ఇతరులకన్న చాల హెచ్చు. దానికి కారణములలో మొదటిది రక్తపు పోటు. బీ.పీ. మాత్ర నొప్పిని తగ్గించునది కాదు గనుక, వేసికొన్నను మానినను రోగికి ఏ భేదమును తోచదు. “మంచిగనే ఉన్నడు గదా” అని రెండు నెలలకు మానుదురు. మానిన సంగతి శరీరము చెప్పదు. రెండవ పక్షవాతము చెప్పును. పోటు ఎంత వరకు ఉండవచ్చునో వైద్యుని అడిగి వ్రాసికొని, మాసమునకొకసారి ఆరోగ్య కేంద్రమున చూపించుకొనవలెను. మధుమేహమున్న, దానికిని ఇదే నియమము. పచ్చళ్లు, తొక్కులు, అప్పడములు, పైనుండి చల్లుకొను ఉప్పు తగ్గించవలెను. బీడి, గుట్కా, అంబరు పూర్తిగా మానవలెను. కల్లు, సారాయి విషయమునను అంతే. రక్తము పలుచబడు మందు ఒకరికి అవసరము, మరియొకరికి హాని. రక్తము చిమ్మిన రకము పక్షవాతము వచ్చినవానికి పొరుగువాని మందుచీటి పనికిరాదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పితిమి. వీనిని నేర్చుకొన్నంత మాత్రమున పడిపోయిన చేయి లేచునా? ఈ ప్రశ్నకు నిజాయితీగా బదులు చెప్పవలెను. మన దేశములోనే దీనిని పరీక్షించి చూచిరి. 2014 నుండి 2016 వరకు భారతదేశములోని 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులతో ఒక పెద్ద పరిశీలన జరిగెను. దాని పేరు అటెండ్. సగము మంది రోగుల కుటుంబములలో ఒకరికి, రోగి ఆసుపత్రిలో ఉండగనే వ్యాయామములు, దైనందిన పనులు చేయించు విధము నేర్పిరి; తరువాత రెండు నెలల వరకు ఇంటివద్దను ఆ శిక్షణను కొనసాగించిరి. తక్కిన సగము మందికి మామూలు చికిత్స మాత్రమే. ఆరు నెలలకు లెక్క చూడగా మరణించినవారును, పరాధీనులైనవారును కలిసి రెండు వర్గములలోను నూటికి 47 మందియే! 2017లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితము వెలువడెను. బ్రిటనులో 36 పక్షవాత చికిత్సా విభాగములలో జరిగి, 2013లో ప్రకటింపబడిన మరియొక పరిశీలనలోను కుటుంబ శిక్షణవలన భేదము కనబడలేదు.

ఇది విని కొందరు, “అయినచో నేర్పి ప్రయోజనమేమి?” అని అడుగవచ్చును. ఈ ఫలితములు చెప్పుచున్నది వేరు. కుటుంబమునకు నేర్పిన నేర్పు, శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు చేయు పనికి మారు కాదు. “మీ యింటివారే చేయించుకొందురు” అని చెప్పి రోగిని వదలివేయుటకు అది సాకు కాకూడదు. కాని అదే విషయమునకు రెండవ ప్రక్క కలదు. లండనులో 300 మంది రోగులతో జరిగిన పరిశీలన 2004లో ప్రకటింపబడినది. అచ్చట రోగిని చూచుకొనువారికి రోగి ఆసుపత్రిలో ఉండగనే, చేతితో చేయించి నేర్పిరి. రోగుల మరణములలోగాని, అవిటితనములోగాని భేదము రాలేదు. అయితే ఒక సంవత్సరము తరువాత చూడగా, చూచుకొనువారి భారము, ఆందోళన, దిగులు తగ్గినవి, రోగుల దిగులును తగ్గినది, ఖర్చును తగ్గినది. నేర్చుకొన్న చేయి రోగి చేతిని లేపకపోవచ్చును. కాని పుండు పడకుండ, అన్నము ఊపిరితిత్తులలో పడకుండ, భుజము జారకుండ, ఇంటి ఇల్లాలు క్రుంగిపోకుండ కాపాడుటకు యత్నించును. ఆశ పెట్టుకొనవలసినది ఇంతవరకు. ఇది తక్కువ యేమియు కాదు.

కావున నేర్పు విధానమును మార్చవలెను. మొదటి మార్పు: ఎవరు చూచుకొందురో వారికే నేర్పవలెను. ఇంటికి పంపుటకు రెండు మూడు దినముల ముందే భార్యనో, కోడలినో, కూతురినో ఆసుపత్రికి రప్పించవలెను. బస్సు ఛార్జీలకు, ఒకనాటి కూలికి వెనుకాడినయెడల, తరువాత దానికి పదింతలు పోగొట్టుకొనవలసి వచ్చును. చంటిబిడ్డ కలదని కోడలు రాలేనియెడల, ఇంటికి వచ్చు ఆశా కార్యకర్తనో, ఏ.ఎన్.ఎం.నో ముందే కలిసి చెప్పియుంచవలెను. ఒక్కరికి మాత్రమే నేర్పిన చాలదు. ఆమెకు జ్వరము వచ్చిన దినమున ఎవరు చేయుదురు? ఇద్దరికి నేర్పవలెను. ఆ రెండవవారు మగవారైన మరియు మంచిది. తండ్రిని లేపి కూర్చుండబెట్టుట కోడలి పని యని ఏ శాస్త్రమునను లేదు.

రెండవ మార్పు: చెప్పుట కాదు, చేయించుట. “తెలిసినదా?” అని అడిగినచో ప్రతివారును “తెలిసినది” అందురు. తెల్లకోటు ముందర “తెలియలేదు” అనుటకు మన వారు సిగ్గుపడుదురు. అందుచేత నేర్చుకొనువారే ముందుగా, “అమ్మా, నేను చేసి చూపుత, తప్పైతే చెప్పండి” అని అనవలెను. నర్సు ఎదుట రోగిని ప్రక్క మార్చి చూపవలెను. చెంచాతో జావ పెట్టి చూపవలెను. కుర్చీకి మార్చి చూపవలెను. ఒకసారి కాదు, మూడు సార్లు. నేడు చాలమంది చేతిలో కెమెరా గల ఫోను కలదు. ఫిజియోథెరపిస్టు అనుమతి తీసికొని, ఆ రోగికే చేయించుచున్న వ్యాయామమును అందులో పట్టుకొనిన, ఇంట మరచినపుడు చూచుకొనవచ్చును. అక్షరములు రాని యింటికి ఇది పుస్తకముకన్న మేలు.

మూడవ మార్పు: ఆసుపత్రి వీడకముందు అడుగవలసిన ప్రశ్నలను కాగితముపై వ్రాసికొనిపోవలెను. వచ్చినది గడ్డ రకమా, రక్తస్రావ రకమా? మింగుటను పరీక్షించిరా? ఏ విధమైన ఆహారము పెట్టవచ్చును? ఏ మందు ఎన్ని దినములు, ఏది జీవితాంతము? రక్తపు పోటు ఎంత వరకు ఉండవచ్చును? ఏ వ్యాయామము దినమునకు ఎన్నిసార్లు? తిరిగి ఎప్పుడు చూపవలెను, ఆ పనికి చెన్నూరుననో మంచిర్యాలలోనో ఎవరిని కలియవచ్చును? ఏ లక్షణము కనబడిన వెంటనే పరుగెత్తి రావలెను? మంచిర్యాలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది గనుక, ప్రతి చిన్న పనికి హైదరాబాదు పోవలెనని అనుకొననక్కరలేదు. ఈ ప్రశ్నలకు బదులులు వ్రాసిన కాగితమును మందుల పెట్టెలో దాచక, మంచము ఎదుటి గోడకు అంటించవలెను. అప్పుడు చూడవచ్చిన మేనత్తకు, చిన్నాయనకు కూడ అది పాఠమగును.

ఇంత చెప్పి, చూచుకొను మనిషిని మరచిన ఈ వ్యాసము సగములో నిలిచినట్లే. రాత్రి రెండు గంటలకొకసారి లేచు ఇల్లాలు తెల్లవారి బీడీలు చుట్టగలదా? పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో ఎన్ని కుటుంబములకు ఆ బీడీ కూలియే ఉప్పు, పప్పు! భర్త సంపాదన ఆగెను, ఆమె సంపాదనయు ఆగెను, ఖర్చు పెరిగెను. నడుము నొప్పి, నిద్రలేమి, ఎవరికిని చెప్పుకొనలేని విసుగు, ఆ విసుగు కలిగినందుకు మరల పశ్చాత్తాపము, ఇవి యన్నియు ఆ యింట నుండును. ఇది ఆమె దోషము కాదు. ఎంత ప్రేమ యున్నను మనుష్య శరీరమునకు మేర కలదు. రాత్రిని రెండుగా పంచుకొని, ఒక సగము ఒకరు, మరియొక సగము మరియొకరు మేల్కొనవలెను. వారమునకొక పూట ఆమెను పుట్టింటికో, గుడికో, సంతకో పంపి, కుమారుడో మరదియో ఆ చోట కూర్చుండవలెను. ఆకలి మందగించి, నిద్ర పట్టక, బ్రతుకుపై ఆశ పోయినదని ఆమె అనిన, దానిని వైద్యునికి చెప్పవలెను. రోగులలోను మూడింట ఒక వంతు మందికి దిగులు జబ్బుగా మారును. దానికి చికిత్స కలదు.

ప్రభుత్వమునుండి పొందదగినదియు కొంత కలదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము 40 శాతము, లేక అంతకు మించిన వైకల్యమున్నవారు ధ్రువపత్రము పొందవచ్చును. వైద్యులు పరీక్షించి దానిని ఇత్తురు. చికిత్స జరిగిన కొన్ని మాసముల పిదపయు చేయి, కాలు పడిపోయియే యున్నయెడల దీనికి దరఖాస్తు చేసికొనవలెను. ఫింఛనునకు ఆ పత్రమే ఆధారము. ఈ సంగతి తెలియక సంవత్సరముల తరబడి ఊరకున్న కుటుంబములు కలవు.

కోలుకొనుట ఎంత కాలము జరుగునని అందరును అడుగుదురు. తొలి మూడు నెలలలో మెఱుగు వేగముగా నుండును, ఆరు నెలల పిమ్మట మందగించును, కాని ఆగిపోదు. మాట తిరిగి వచ్చుటకు ఇంకను ఎక్కువ కాలము పట్టవచ్చును. కావున తొలి వారములలో “విశ్రాంతి తీసికొననీ” అని మంచముననే యుంచుట దయ కాదు. వైద్యుడు అనుమతించిన వెంటనే దినమునకు పలుమార్లు కూర్చుండబెట్టవలెను. తాను చేసికొనగల పనిని తానే చేసికొననీయవలెను. ఎడమ చేతితో ముద్ద కలుపుకొనుటకు అరగంట పట్టినను ఆగవలెను. మనము చేసిపెట్టు ప్రతి పనియు అతనికి ఒక పాఠము తప్పిపోవుటయే.

మొదట చెప్పిన యింటికి మరల పోదము. ఈ పర్యాయము హైదరాబాదునకు కుమారుడు ఒంటరిగా పోలేదు. ఇంటికి పంపుటకు మూడు దినముల ముందు తల్లిని రప్పించెను. ఆమె నర్సు ఎదుట భర్తను ప్రక్కకు మార్చెను. మొదటిసారి చేయి పట్టి లాగెను. నర్సు ఆపి సరిదిద్దెను. రెండవసారి దిండు మరచెను. మూడవసారి అన్నియు సరిగా చేసెను. ఆ రాత్రి ఆమె కుమారునితో, “ఇగ నువ్వు నౌకరికి పో బిడ్డా, నేను చూసుకుంట” అనెను. ఆ మాటలో ధైర్యమున్నది. భర్త చేయి లేచునో లేదో ఆమెకు తెలియదు; ఎవరికిని తెలియదు. అయితే రేపటి ఉదయము జావ ఎట్లు పెట్టవలెనో ఆమె చేతులకు తెలిసినది. పక్షవాతము వచ్చిన ప్రతి యింటికి ఆ మూడు దినములను సంపాదించి యిచ్చుట వైద్యుల బాధ్యత; అడిగి తీసికొనుట మన బాధ్యత.